ఫారం గెట్టా, పోస్టా? జాంగోలో హెచ్‌టీటీపీ మెథడ్‌లను అడుగడుగునా సరిచూసుకునే మార్గదర్శి

"గెట్‌కీ పోస్ట్‌కీ తేడా ఏమిటి?" అని ఇంటర్వ్యూలో అడిగితే దాదాపు అందరి నోటా వచ్చే జవాబు ఒకటే: "గెట్‌లో డేటా యూఆర్‌ఎల్‌లో కనిపిస్తుందండీ, పోస్ట్‌లో కనిపించదు, కాబట్టి పోస్ట్ సెక్యూర్." అమీర్‌పేట నోట్సుల్లో చేతులు మారుతూ వస్తున్న జవాబు ఇది. మొదటి సగం నిజమే. రెండో సగం మాత్రం తప్పు. హెచ్‌టీటీపీఎస్ (దారిలో డేటాను గుప్తంగా ఉంచే పద్ధతి) లేకపోతే పోస్ట్‌లో పంపిన పాస్‌వర్డ్ కూడా దారిలో కాచుకున్నవాడికి అంతే హాయిగా కనిపిస్తుంది.

అసలు తేడా ఇచ్చే మాటలో ఉంది. గెట్ అంటే "ఉన్నది చూపించు, ఏమీ మార్చకు" అని అడగడం. పోస్ట్ అంటే "ఇది తీసుకుని దీనితో చెయ్యాల్సిన పని చెయ్యి" అనడం. బ్రౌజర్లు, సెర్చ్ ఇంజిన్లు, ప్రాక్సీలు అన్నీ ఈ మాటను నమ్మి నడుచుకుంటాయి. మీ కోడ్ ఆ మాట తప్పితే దెబ్బ తినేది మీ డేటాబేసే. ఫారాల విషయంలో పాటించాల్సిన మెళకువలన్నీ ఇక్కడి నుంచే పుడతాయి.

ఉదాహరణకు ఊరి గ్రంథాలయానికి పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్ జాంగోలో ఒక చిన్న యాప్ రాస్తున్నాం అనుకుందాం. పుస్తకాలు వెతకాలి, కొత్తవి చేర్చాలి, వివరాలు దిద్దాలి, చిరిగిపోయినవాటిని తీసెయ్యాలి. కోడ్‌లోని పేర్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను; ఎడిటర్‌లో మామూలుగా ఇంగ్లీషులోనే కొట్టుకోండి.

అడుగు 1: కోడ్ కంటే ముందు కాగితం

యాప్ చేసే పనులన్నీ వరుసగా రాసుకుని ఒక్కో పనినీ ఒకే ప్రశ్న అడగండి: ఈ రిక్వెస్ట్‌ను మనిషి కాకుండా ఏదో ఒక ప్రోగ్రామ్ తనంతట తాను పదిసార్లు పంపితే గ్రంథాలయం రికార్డులో ఏమైనా మారుతుందా? మారకపోతే గెట్. మారితే పోస్ట్. వెతకడం గెట్. చేర్చడం, దిద్దడం, తీసెయ్యడం పోస్ట్.

ప్రోగ్రామ్ ఎందుకు పంపుతుంది అనిపించవచ్చు. వాట్సాప్‌లో లింకు పెట్టగానే ప్రివ్యూ కోసం ఆ పేజీకి ఒక గెట్ వెళ్తుంది. ఆఫీసు మెయిల్‌లోని లింకులను వైరస్ స్కానర్లు ముందే తెరిచి చూస్తాయి. 2005 మేలో గూగుల్ 'వెబ్ యాక్సిలరేటర్' అనే సాధనాన్ని వదిలింది. పేజీలోని లింకులను ముందే తెచ్చిపెట్టి వేగం పెంచడం దాని పని. "డిలీట్" అనేది మామూలు లింకుగా ఉన్న సైట్లలో అది ఆ లింకులనూ వరసగా తెరిచేసింది, వాడుకరుల డేటా ఎగిరిపోయింది. అప్పట్లో గూగుల్‌ను తిట్టినవాళ్లున్నారు, కానీ ప్రమాణం ప్రకారం అది చేసిన తప్పేమీ లేదు. గెట్ ఏమీ మార్చదన్న మాటను నమ్మింది, అంతే.

మెయిళ్లలో "అన్‌సబ్‌స్క్రైబ్" లింకులకూ ఇదే గతి పట్టింది. స్కానర్ తెరిస్తే చాలు, మనిషికి తెలియకుండానే సభ్యత్వం పోయేది. అందుకే 2017లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8058 అనే ఇంటర్నెట్ ప్రమాణం ఒక్క క్లిక్కుతో వైదొలగడాన్ని పోస్ట్‌తోనే చెయ్యాలని పెట్టింది.

మీ జాబితాలో లాగౌట్‌ను మరిచిపోకండి. అది కూడా మార్పే. జాంగో తానే చాలాకాలం లాగౌట్‌ను గెట్‌తో అనుమతించింది. 4.1 వెర్షన్‌లో దాన్ని వదులుకోమని హెచ్చరించి, 5.0లో పూర్తిగా తీసేసింది. పాత ప్రాజెక్టును 5కు మార్చగానే లాగౌట్ లింకు నొక్కితే 405 (ఈ మెథడ్ ఇక్కడ చెల్లదనే జవాబు) వస్తోందని తల పట్టుకునేది ఇందుకే. ఆ లింకు తీసేసి, చిన్న పోస్ట్ ఫారంలో ఒక బటన్ పెట్టండి, సరిపోతుంది.

పుట్, ప్యాచ్, డిలీట్ సంగతేమిటి? అవి హెచ్‌టీటీపీలో ఉన్నాయి గానీ హెచ్‌టీఎమ్‌ఎల్ ఫారంలో లేవు. ఫారం ట్యాగ్‌లోని మెథడ్‌కు చెల్లేవి గెట్, పోస్ట్, డైలాగ్ మాత్రమే. అక్కడ "డిలీట్" అని రాస్తే బ్రౌజర్ ఎర్రర్ చూపదు, నోరు మూసుకుని గెట్‌గా పంపేస్తుంది. ఏమీ రాయకపోయినా గెట్టే. పాస్‌వర్డ్ ఉన్న లాగిన్ ఫారంలో మెథడ్ రాయడం మరిచిపోతే ఏమవుతుందో ఊహించుకోండి: పాస్‌వర్డ్ యూఆర్‌ఎల్‌లోకి, అక్కడి నుంచి బ్రౌజర్ హిస్టరీలోకి, సర్వర్ లాగ్‌లోకి చేరుతుంది.

అడుగు 2: వెతికే ఫారం

వెతుకులాటకు గెట్ వాడితే ఫలితాల పేజీకి సొంత చిరునామా వస్తుంది. పాఠకుడు దాన్ని బుక్‌మార్క్ చేసుకోవచ్చు, స్నేహితుడికి పంపవచ్చు, రిఫ్రెష్ కొట్టినా "ఫారం మళ్లీ పంపమంటారా" అని బ్రౌజర్ అడగదు. వ్యూలో (రిక్వెస్ట్ తీసుకుని జవాబిచ్చే ఫంక్షన్‌లో) పనంతా రెండు ముక్కలు: రిక్వెస్ట్.గెట్ అనే నిఘంటువు నుంచి వెతికే మాట తీసుకోవడం, దానితో పుస్తకాలను వడకట్టడం.

ఆ పేరు కొంచెం తికమక పెడుతుంది. రిక్వెస్ట్.గెట్ అంటే "గెట్ మెథడ్‌తో వచ్చిన డేటా" కాదు, యూఆర్‌ఎల్‌లో ప్రశ్నార్థకం తర్వాత ఉన్న క్వెరీ స్ట్రింగ్. పోస్ట్ రిక్వెస్ట్‌కు కూడా క్వెరీ స్ట్రింగ్ ఉండొచ్చు, అప్పుడు అదీ ఇక్కడే దొరుకుతుంది. ఇంకో పైథాన్ ఫ్రేమ్‌వర్క్ ఫ్లాస్క్ క్వెరీ స్ట్రింగ్‌కూ, పోస్ట్‌లో వచ్చిన ఫారం డేటాకూ వరసగా ఆర్గ్స్, ఫారం అని పేర్లు పెట్టింది. ఈ ఒక్క విషయంలో మార్కులు ఫ్లాస్క్‌కే.

మన భాషలో వెతికేవాళ్ల గురించి ఒక లెక్క. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు మూడేసి బైట్లు. యూఆర్‌ఎల్‌లో ఒక్కో బైటూ శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలవుతుంది. "తెలుగు" అనే మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు కలిపి ఆరు కోడ్‌పాయింట్లు. అంటే 18 బైట్లు, యూఆర్‌ఎల్‌లో 54 అక్షరాలు. వెతికే మాటకు ఇదేం ఇబ్బంది కాదు. పుస్తకం గురించి రెండు పేరాల తెలుగు అభిప్రాయాన్ని గెట్‌లో పంపితే మాత్రం సర్వర్ పెట్టుకున్న యూఆర్‌ఎల్ పరిమితి దాటి 414 (యూఆర్‌ఎల్ మరీ పొడుగైందనే ఎర్రర్) రావచ్చు. డీకోడ్ చెయ్యడం జాంగోయే చూసుకుంటుంది, మీరు మళ్లీ చెయ్యకండి.

ఈ అడుగులో జారే చోట్లు రెండున్నాయి. ఫారం యాక్షన్‌లో ముందే క్వెరీ స్ట్రింగ్ ఉంటే (ఉదాహరణకు సంవత్సరం వరసలో చూపించమని), గెట్ ఫారం సబ్మిట్ అయినప్పుడు బ్రౌజర్ దాన్ని చెరిపేసి ఫారంలోని గడులతో కొత్తది రాస్తుంది. అలాంటి విలువలను హిడెన్ గడులుగా ఫారం లోపలే పెట్టాలి. రెండోది, గెట్ ఫారంలో సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్ (వేరే సైట్ మీ వాడుకరి పేరున ఫారం పంపకుండా అడ్డుకునే రహస్య గుర్తు) ట్యాగ్ పెట్టకూడదు. పెడితే ఆ టోకెన్ యూఆర్‌ఎల్‌లోకి ఎక్కి ఊరంతా తిరుగుతుంది. ఒక ఫారంలోంచి ఇంకో ఫారానికి కాపీ కొట్టినప్పుడు ఇది తరచూ దూరిపోతుంది.

పేజీల వారీగా ఫలితాలు చూపితే "తర్వాతి పేజీ" లింకులో వెతికిన మాట కూడా ఉండేలా చూసుకోండి. జాంగో 5.1 నుంచి దీనికోసం క్వెరీస్ట్రింగ్ అనే టెంప్లేట్ ట్యాగ్ ఉంది.

అడుగు 3: పుస్తకం చేర్చే ఫారం

ఇక్కడ నిదానంగా నడుద్దాం. ఒకే యూఆర్‌ఎల్‌కు రెండు పనులు: గెట్ వస్తే ఖాళీ ఫారం చూపాలి, పోస్ట్ వస్తే డేటా తీసుకోవాలి. వ్యూ ఎముకల గూడు ఇలా ఉంటుంది:

పుస్తకం_చేర్చు(రిక్వెస్ట్):
— రిక్వెస్ట్.మెథడ్ పోస్ట్ అయితే:
— — ఫారం = పుస్తకఫారం(రిక్వెస్ట్.పోస్ట్)
— — ఫారం.ఈజ్_వాలిడ్() నిజమైతే:
— — — పుస్తకం = ఫారం.సేవ్()
— — — రిటర్న్ రీడైరెక్ట్(ఆ పుస్తకం పేజీకి)
— కాకపోతే:
— — ఫారం = పుస్తకఫారం()
— రిటర్న్ రెండర్(చేర్చే పేజీ, ఫారంతో)

ఆఖరి రిటర్న్ ఎక్కడుందో చూడండి. అది "కాకపోతే" లోపల లేదు, దాని బయట మొదటి మెట్టు మీద ఉంది. ఒక్క ట్యాబ్ లోపలికి జరిగిందా, తప్పులున్న ఫారం పంపినప్పుడు ఏ దారీ రిటర్న్‌కు చేరదు. వ్యూ నన్ (పైథాన్‌లో "ఏమీ లేదు") తిరిగిచ్చిందని జాంగో ఎర్రర్ విసురుతుంది. సరైన డేటాతో మాత్రమే పరీక్షించేవాడికి ఇది కనబడదు. అందుకే కొత్త ఫారం రాయగానే నేను మొదట పంపేది తప్పుడు డేటానే.

ఇక రెండు దారుల వరస. "పోస్ట్ అయితే సేవ్ చెయ్యి, కాకపోతే చూపించు" అన్నాం. దాన్ని తిరగేసి "గెట్ అయితే చూపించు, కాకపోతే సేవ్ చెయ్యి" అన్నా ఒకటే కదా అనిపిస్తుంది. కాదు. లోకంలో మెథడ్‌లు రెండే లేవు. గెట్‌కు తోబుట్టువు హెడ్ ఉంది. గెట్ లాంటిదే, కాకపోతే జవాబులో హెడర్లు మాత్రమే పంపమంటుంది. తిరగేసిన కోడ్‌లో హెడ్ నేరుగా సేవ్ దారిలోకి పోతుంది. పైగా హెడ్ ఏమీ మార్చదని నమ్మి సీఎస్‌ఆర్‌ఎఫ్ కాపలాదారు దాన్ని ఆపడు.

ఇది ఊహ కాదు. 2019లో గిట్‌హబ్‌లో బయటపడిన లోపం సరిగ్గా ఇదే. బయటి యాప్‌కు మీ ఖాతాలోకి అనుమతి ఇచ్చే పేజీ అది. గెట్ వస్తే "అనుమతిస్తారా?" అని చూపాలి, బటన్ నొక్కితే పోస్ట్ వచ్చి అనుమతి ఖరారవ్వాలి. వాళ్ల కోడ్ "గెట్ అయితే చూపించు, కాకపోతే అనుమతి ఇచ్చేసెయ్" అన్న తీరులో ఉంది. గిట్‌హబ్ వాడే రెయిల్స్ ఫ్రేమ్‌వర్క్ హెడ్‌ను గెట్ దారిలోనే కంట్రోలర్‌కు పంపుతుంది, కానీ "ఇది గెట్టేనా?" అని అడిగితే "కాదు" అంటుంది. దాంతో వాడుకరి బటన్ నొక్కకుండానే అనుమతి దక్కే దారి తెరుచుకుంది. కనిపెట్టిన పరిశోధకుడికి గిట్‌హబ్ 25,000 డాలర్ల బహుమతి ఇచ్చింది. మార్పు చేసే పనిని ఎప్పుడూ పేరు పెట్టి పిలిచిన దారిలోనే ఉంచండి. "మిగతావన్నీ" అనే దారిలో కాదు.

అలాగే "రిక్వెస్ట్.మెథడ్ పోస్టేనా" అని అడగకుండా "రిక్వెస్ట్.పోస్ట్‌లో ఏమైనా ఉందా" అని చూసే అలవాటు కొందరికి ఉంది. టిక్ పెట్టని చెక్‌బాక్స్‌ను బ్రౌజర్ అసలు పంపదు. చెక్‌బాక్సులే ఉన్న ఫారంలో ఒక్కదానికీ టిక్ పెట్టకపోతే ఆ నిఘంటువు ఖాళీగా రావచ్చు, పోస్ట్ వచ్చినా మీ కోడ్ రాలేదనుకుంటుంది.

వ్యూ పైన రిక్వైర్_హెచ్‌టీటీపీ_మెథడ్స్ డెకరేటర్ పెట్టి గెట్, హెడ్, పోస్ట్ అని రాసెయ్యండి. ఇంకేదైనా వస్తే జాంగోయే 405 ఇస్తుంది, ఏవి చెల్లుతాయో అలౌ హెడర్‌లో చెబుతుంది. చూపించే పని మాత్రమే ఉన్న వ్యూలకు రిక్వైర్_సేఫ్ వాడండి. రిక్వైర్_గెట్ కూడా ఉంది గానీ అది హెడ్‌ను కూడా తిప్పి పంపేస్తుంది.

క్లాస్ వ్యూలలో ఈ గొడవ చాలావరకు ఉండదు: గెట్, పోస్ట్ అని విడివిడి ఫంక్షన్లు రాస్తారు, లేని మెథడ్‌కు 405 దానంతట అదే వస్తుంది, హెడ్ గెట్ ఫంక్షన్‌కే వెళ్తుంది. అయినా నేర్చుకునేవాళ్లు ముందు ఫంక్షన్ వ్యూ ఒకసారి చేత్తో రాసి చూడాలనే అంటాను. లేదంటే క్రియేట్‌వ్యూ లోపల ఏం జరుగుతోందో మంత్రంలా ఉండిపోతుంది.

అడుగు 4: సేవ్ అయ్యాక పేజీ చూపకండి, దారి చూపండి

ఎముకల గూడులో సేవ్ తర్వాత రెండర్ లేదు, రీడైరెక్ట్ ఉంది. నా మొదటి ఉద్యోగంలో ఫీజు రసీదుల ఫారం ఒకటి రాశాను. సేవ్ చేసి, "విజయవంతం" అన్న పేజీని అక్కడే రెండర్ చేశాను. కౌంటర్‌లో కూర్చున్నాయన రసీదు ప్రింట్ సరిగా రాలేదని రిఫ్రెష్ కొట్టాడు. బ్రౌజర్ ఏదో అడిగింది, ఆయన సరే అన్నాడు. ఆ సాయంత్రం లెక్క తేలకపోతే ఇద్దరం కూర్చుని వెతికితే ఒకే విద్యార్థి పేరున రెండు రసీదులున్నాయి. తప్పు ఆయనది కాదు.

రీడైరెక్ట్ చేస్తే బ్రౌజర్ కొత్త చిరునామాకు గెట్‌తో వెళ్తుంది. ఇక ఎన్నిసార్లు రిఫ్రెష్ కొట్టినా ఆ గెట్టే మళ్లీ వెళ్తుంది. జాంగో రీడైరెక్ట్ ఇచ్చే జవాబు కోడ్ 302. ప్రమాణం ప్రకారం "వేరే చోటికి గెట్‌తో వెళ్లు" అని తేటగా చెప్పేది 303. ఆచరణలో బ్రౌజర్లు పోస్ట్ తర్వాత వచ్చిన 302ను కూడా అలాగే చూస్తాయి. 307, 308 మాత్రం ఇక్కడ వాడకండి. అవి మెథడ్‌ను మార్చవు, పోస్ట్‌ను పోస్ట్‌గానే కొత్త చోటికి మోసుకెళ్తాయి.

ఫారంలో తప్పులుంటే రీడైరెక్ట్ వద్దు. అదే ఫారాన్ని ఎర్రర్లతో, వాడుకరి కొట్టిన అక్షరాలతో సహా మళ్లీ రెండర్ చెయ్యండి. తెలుగులో కష్టపడి కొట్టిన నాలుగు వాక్యాలు పోతే మనిషి మళ్లీ ఆ ఫారం ముఖం చూడడు.

రెండుసార్లు టకటకా క్లిక్ చేసేవాళ్లను రీడైరెక్ట్ ఆపలేదు, ఎందుకంటే మొదటి జవాబు రాకముందే రెండో పోస్ట్ బయల్దేరిపోతుంది. బటన్‌ను జావాస్క్రిప్ట్‌తో నిలిపెయ్యడం పైపూత మాత్రమే. గట్టి కట్టు డేటాబేస్‌లోనే వెయ్యాలి: మన యాప్‌లో ప్రతి పుస్తకానికీ ఉండే ప్రవేశ సంఖ్యను యూనిక్‌గా ఉంచితే రెండోది చేరదు.

అడుగు 5: సీఎస్‌ఆర్‌ఎఫ్

ప్రతి పోస్ట్ ఫారం లోపలా సీఎస్‌ఆర్‌ఎఫ్_టోకెన్ ట్యాగ్ పెట్టండి. లేకపోతే 403 (అనుమతి లేదనే ఎర్రర్) వస్తుంది. ఆ 403 చూసి విసుగొచ్చి సీఎస్‌ఆర్‌ఎఫ్_ఎగ్జెంప్ట్ తగిలించడం తాళం పట్టడం లేదని తలుపు ఊడదీయడం లాంటిది. జావాస్క్రిప్ట్ నుంచి పంపుతుంటే టోకెన్‌ను హెడర్‌లో పెట్టవచ్చు.

ఈ కాపలా గెట్‌కు ఉండదు. కుకీకి సేమ్‌సైట్ లాక్స్ (వేరే సైట్ నుంచి వచ్చే రిక్వెస్ట్‌లతో కుకీ రాకుండా చాలావరకు ఆపే అమరిక) ఉన్నా, వేరే సైట్‌లోని లింకు నొక్కి వచ్చే గెట్‌తో పాటు కుకీ వచ్చేస్తుంది. రెండు కాపలాలూ గెట్ అమాయకురాలన్న నమ్మకం మీదే కట్టినవి. గెట్‌లో డిలీట్ పెడితే రెండింటినీ మీరే దాటించినట్టు.

అడుగు 6: దిద్దడం, తీసెయ్యడం

దిద్దే వ్యూ చేర్చే వ్యూ లాంటిదే. ముందు డేటాబేస్ నుంచి పుస్తకాన్ని తెచ్చి, రెండు దారుల్లోనూ ఫారానికి ఇన్‌స్టెన్స్‌గా ఇవ్వండి. పోస్ట్ దారిలో అది మరిచిపోతే పాత పుస్తకం మారదు, కొత్తది చేరుతుంది.

తీసెయ్యడానికి గెట్ వస్తే "నిజంగా తీసెయ్యాలా?" అన్న పేజీ, పోస్ట్ వస్తే పని. జాంగో డిలీట్‌వ్యూ ఇలాగే నడుస్తుంది. నిర్ధారణ పేజీ అక్కర్లేదనుకుంటే జాబితాలో ప్రతి పుస్తకం పక్కనా ఒక్క బటన్ ఉన్న చిన్న పోస్ట్ ఫారం పెట్టి, వ్యూ మీద రిక్వైర్_పోస్ట్ తగిలించండి. చూడ్డానికి లింకులా కావాలంటే బటన్‌కు సీఎస్‌ఎస్ వెయ్యండి. లింకునే బటన్‌లా అలంకరించి గెట్‌తో తీసెయ్యకండి.

లారవెల్, రెయిల్స్ వాడేవాళ్లు "మాకు ఫారంలో డిలీట్ పనిచేస్తుందే" అంటారు. అక్కడ కూడా బ్రౌజర్ పంపేది పోస్టే. ఫారంలో దాచిన అండర్‌స్కోర్ మెథడ్ అనే గడిని చూసి ఫ్రేమ్‌వర్క్ దాన్ని డిలీట్‌గా లెక్కిస్తుంది. జాంగోలో ఈ వేషం ముందుగా అమర్చిలేదు, ఫారాల వరకు అవసరమూ లేదు. జావాస్క్రిప్ట్ ఫెచ్‌తో నిజంగా పుట్ పంపితే మాత్రం రిక్వెస్ట్.పోస్ట్ ఖాళీగా ఉంటుందని గుర్తుపెట్టుకోండి. అది పోస్ట్ మెథడ్‌కు మాత్రమే నిండుతుంది.

ఫ్లాస్క్‌లో అయితే రూట్‌కు ఏమీ చెప్పకపోతే గెట్ ఒక్కటే (దానితో హెడ్, ఆప్షన్స్ వాటంతటవే వస్తాయి). పోస్ట్ కావాలంటే మెథడ్స్ జాబితాలో రాయాలి. లేదా 2.0 నుంచి ఉన్న యాప్.గెట్, యాప్.పోస్ట్ డెకరేటర్లతో రెండు ఫంక్షన్లుగా విడదీసుకోవచ్చు. నాకు రెండోదే ఇష్టం, దారి తప్పే అవకాశమే ఉండదు.

పోస్ట్ కొట్టినా డేటా రాకపోతే

ముందు యూఆర్‌ఎల్ చివరి స్లాష్ చూడండి. ఫారం యాక్షన్‌లో స్లాష్ లేక, మీ రూట్‌లో ఉంటే జాంగో 301తో సరైన చిరునామాకు పంపుతుంది. బ్రౌజర్ అక్కడికి గెట్‌తో వెళ్తుంది, డేటా దారిలోనే రాలిపోతుంది. డీబగ్ ఆన్‌లో ఉంటే జాంగో గట్టిగా అరుస్తుంది, ప్రొడక్షన్‌లో మౌనంగా ఉంటుంది. తర్వాత గడికి నేమ్ ఉందా చూడండి: ఐడీ మాత్రమే ఉన్న గడిని బ్రౌజర్ పంపదు, డిసేబుల్ చేసినదాన్నీ పంపదు. పుస్తకం ముఖచిత్రం లాంటి ఫైల్ రాకపోతే ఫారం ట్యాగ్‌లో ఎన్‌క్టైప్ మల్టీపార్ట్ లేదన్నమాట, లేదా వ్యూలో ఫారానికి రిక్వెస్ట్.ఫైల్స్ ఇవ్వలేదు.

అడుగు 7: పరీక్ష

బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, "ప్రిజర్వ్ లాగ్" టిక్ పెట్టి ఒక పుస్తకం చేర్చండి. పోస్ట్‌కు 302, వెంటనే గెట్‌కు 200 కనిపించాలి. పోస్ట్‌కే 200 వచ్చి పుస్తకం కూడా చేరితే రీడైరెక్ట్ మరిచిపోయారు.

ఆ తర్వాత జాంగో టెస్ట్ క్లయింట్‌తో మార్పు చేసే ప్రతి యూఆర్‌ఎల్‌కూ ఒక గెట్, ఒక హెడ్ పంపి, ముందూ వెనకా పుస్తకాల సంఖ్య ఒకటేనా చూసే పరీక్ష రాయండి. పది వరుసలు కూడా పట్టదు. ఒక్క సంగతి: టెస్ట్ క్లయింట్ మామూలుగా సీఎస్‌ఆర్‌ఎఫ్ తనిఖీని పక్కన పెట్టేస్తుంది. టెంప్లేట్‌లో టోకెన్ మరిచిపోయినా మీ పరీక్షలన్నీ పచ్చగానే కనిపిస్తాయి. ఆ తనిఖీ కూడా కావాలంటే క్లయింట్‌ను ఎన్‌ఫోర్స్_సీఎస్‌ఆర్‌ఎఫ్_చెక్స్ ట్రూతో తయారుచేసుకోండి.